పడవ దావాలో దేవుడి పేరు

కొత్తగా నల్లకోటు కుట్టించుకున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగి, "సార్, మీరు తిరువూరు కోర్టులో జీవితమంతా ప్రాక్టీసు చేశారు, మాకేదైనా చెప్పండి" అంటారు. వాళ్లు అడిగేది సెక్షన్ల గురించి. సెక్షన్లు పుస్తకాల్లో ఉంటాయి, పుస్తకాలు బీరువాలో ఉంటాయి, బీరువా తాళంచెవి గుమాస్తా దగ్గరుంటుంది. దానికోసం నా దాకా రావక్కర్లేదు. నా దగ్గరున్నది వేరే సరుకు. ఎదుటి మనిషి నోరు తెరిచినప్పుడు ఏం వినాలో నాకు తెలుసు. ఆ విద్య నాకు బాగా వచ్చని చెప్పుకోవడానికి నేనేమీ మొహమాటపడను, ఎందుకంటే అది నా సొంత తెలివి కాదు. డెబ్బైల్లో నడిపిన ఒక దావా నాకు నేర్పింది.

సాక్షిని తోమడం

ముందు మా సీనియర్ గారి గురించి చెప్పాలి. తిరువూరులో కోర్టుకి నాలుగడుగుల దూరంలో ఆయన ఆఫీసు. మనిషికి ముక్కు మీద కోపం. ఫైలు విసిరేసేవారు, కాసేపాగి ఆయనే వంగి కాగితాలు ఏరుకునేవారు. చట్టం విషయంలో ఆయన ఎన్నడూ జడ్జీకి అబద్ధం చెప్పలేదు. అది ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది. నేర్చుకోకూడనిది ఇంకొకటుంది. పల్లెటూరి సాక్షి ఎవరొచ్చినా ఆయన వారం రోజుల ముందు నుంచీ కూర్చోబెట్టి, బడిపిల్లలతో ఎక్కాలు చెప్పించినట్టు సాక్ష్యం వల్లె వేయించేవారు. "సాక్షిని తోమాలోయ్, తోమితేనే మెరుస్తాడు" అనేవారు.

ఒకసారి ఎ.కొండూరు నుంచి గట్టు తగాదాలో ఒక ముసలాయన సాక్షిగా వచ్చాడు. బాగా తోమారు. బోనెక్కి గడగడా మొత్తం అప్పజెప్పాడు. "అప్పుడు ప్రతివాది నా పొలంలో కాలు పెట్టాడండి, నేను వద్దన్నానండి, నన్ను తోసేశాడండి, ఇక్కడ కాస్త ఆగి కళ్లు తుడుచుకోవాలండి" అన్నాడు. కోర్టు కోర్టంతా నవ్వింది. బంట్రోతు కూడా నవ్వాడు. ఆ సాయంత్రం ఫైలు వీధి అరుగు దాకా ఎగిరింది. అయినా మా సీనియర్ గారు పద్ధతి మార్చుకోలేదు. పెద్దవాళ్ల దగ్గర పనిచేసేటప్పుడు వాళ్ల మంచి ఏదో, మొండితనం ఏదో మనమే విడదీసుకోవాలి. వాళ్లు విడదీసి పెట్టరు.

ఆఫీసులో మూడో మనిషి గుమాస్తా మస్తాన్. ఆయన తండ్రి టాంగా తోలేవాడు, అన్నలు లారీల మీద ఉండేవాళ్లు. అందుకని తాలూకాలో ఏ ఊరికి ఏ దారో, ఆ ఊళ్లో ఎవరికి ఎవరితో పడదో మస్తాన్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కక్షిదారు గుమ్మంలో చెప్పులు విప్పే తీరు చూసి కేసు నిలుస్తుందో లేదో చెప్పేవాడు. చాలాసార్లు తప్పేవాడు గానీ, చెప్పడం మాత్రం మానలేదు.

మరియమ్మ వచ్చిన రోజు

వానాకాలం వెనకబట్టాక ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చి గుమ్మం బయటే నిలబడింది. కుడిచెయ్యి పైటకొంగులో చుట్టుకుని ఉంది. పేరు మరియమ్మ, పెనుగొలను. వరినాట్ల ముఠాకి పెద్ద. ముఠా పెద్దంటే మిగతా ఆడవాళ్లకి పని కుదర్చడం, పొలంలో అందరికంటే ముందు వరసలో నాటుతూ మిగతావాళ్లకి వేగం చూపించడం. ఆమె వేగం చూసి రైతులు ముందుగానే మాట తీసుకునేవాళ్లట.

లోపలికి రమ్మని కూర్చోబెట్టి ఏం జరిగిందని అడిగాను. కొంగు విప్పింది. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. మధ్య మూడు వేళ్లూ లేవు.

సంగతి ఇదీ. వానాకాలంలో ఏరు పొంగినప్పుడు అవతలి పొలాలకి వెళ్లడానికి పడవే దారి. ఏటా రేవుకి వేలంపాట జరుగుతుంది. పాడుకున్నవాడు పడవ, ఏటికడ్డంగా కట్టే మోకుతాడు, నడిపే మనిషి, అన్నీ తనే పెట్టుకుని దాటించినందుకు డబ్బు వసూలు చేసుకుంటాడు. ఆయన్ని పాటదారు అంటారు. ఆ ఏడాది పాటదారు పక్క ఊరి పెద్దమనిషి. నాట్లేసి తిరిగొస్తుంటే ఏటి మధ్యలో మరియమ్మ చెయ్యి మోకుకీ పడవ గుంజకీ మధ్య ఇరుక్కుంది. బెజవాడ తీసుకెళ్లేసరికి వేళ్లు తియ్యక తప్పలేదు.

"పాటదారు ఏమన్నాడమ్మా?" అన్నాను.

"మంచిగానే మాట్లాడాడండి. వాళ్ల గొడ్లసావిట్లో ఊడ్చుకుంటా పడుండమన్నాడు. బతికినన్నాళ్లు అన్నం పెడతానన్నాడు. ఊళ్లో అందరూ ధర్మాత్ముడన్నారండి."

"నువ్వేమన్నావు?"

"ఆలోచించుకుంటానన్నానండి." కొంగు మళ్లీ చేతికి చుట్టుకుంది. "నా పెనిమిటి పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని ఈ చెయ్యి పెట్టుకునే పెంచానండి. ఒకరి గడప దగ్గర ఆకు పట్టుకుని ఏనాడూ కూర్చోలేదు. నేను సావిట్లోకి పోతే రేపు నా పిల్లలూ అదే సావిట్లోకి వస్తారు. నాకు ధర్మం వద్దండి. పెనుగొలను బస్సాగే చోట చిన్న బడ్డీ పెట్టుకుంటాను. దానికి సరిపడా ఇప్పించండి, చాలు."

దావా మొత్తం ఇదే. ఒకవైపు గొడ్లసావిడి, ఇంకోవైపు బడ్డీ కొట్టు. మిగిలిందంతా మేం కాగితాల మీద రాసుకునే భాష. కోర్టు ఫీజు కట్టుకునే స్తోమత ఆమెకి లేదు కాబట్టి పాపర్ దావా వేశాం. పాపర్ అనే మాట విని, అదేదో తిట్టనుకుని ఆమె ముఖం చిన్నబుచ్చుకుంటే, మస్తాన్ "అది మీ పేరు కాదమ్మా, కాగితం పేరు" అని సర్దిచెప్పాడు.

నేను లాగి చూశాను

ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. ప్రమాదం కేసు పట్టినవాడు ప్రమాదం జరిగిన చోటికి వెళ్లాలి. ఫోటో చూస్తే చాలదు, మ్యాపు చూస్తే చాలదు. బేరానికి మంచి గేదె దొరికిందంటే పదిసార్లు వెళ్లి చూసే మనం, ఒకరి బతుకు చేతిలో పెడితే కుర్చీలోంచి లేవకపోవడం ఏం న్యాయం?

నేనూ మస్తానూ బస్సు దిగి, అద్దె సైకిలు మీద రేవుకి వెళ్లాం. నీళ్లు తగ్గి ఉన్నాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి లావుపాటి మోకు కట్టి ఉంది. పడవ ముందు భాగంలో పొట్టి గుంజ, దాని నెత్తిన గాడి. మోకు ఆ గాడిలో పడి ఉంటుంది. ముందు కూర్చున్నవాళ్లు మోకు లాగుతుంటే పడవ ముందుకు జారుతుంది. వెనక పడవవాడు పొడవాటి గెడకర్ర వేసి పడవని నిలబెడతాడు. నేను చొక్కా చేతులు మడిచి లాగడం మొదలుపెట్టాను. సాఫీగా పోయింది. కొత్త మోకు, పసుపుపచ్చగా నిగనిగలాడుతోంది.

"ఇది అదే మోకా?" అని ఒడ్డున ఉన్న ఆడవాళ్లని అడిగాను.

"అది ఇదెందుకవుద్దండి! మరియమ్మ చెయ్యి పోయిన వారానికి ఇది కట్టారు. పాతదానికి నడిమిట్లో ముడుండేది" అంది ఒకామె పిడికిలి చూపిస్తూ. అంత లావు ముడి.

అప్పుడు బోధపడింది. పాత మోకు ఎప్పుడో తెగితే కొత్తది కొనకుండా ముడేశారు. ఆ ముడి గుంజ గాడిలో పట్టదు. అది దగ్గరికి రాగానే ముందున్నవాళ్లు మోకుని చేత్తో ఎత్తి, గుంజ మీదుగా ముడిని దాటించి, మళ్లీ గాడిలో వెయ్యాలి. నీళ్లు తక్కువున్నప్పుడు అదో ఆట. వరదలో పడవని నీళ్లు పక్కకి ఈడుస్తుంటే మోకు బిగుసుకుపోతుంది. ఎత్తిన చెయ్యి తీసుకునే లోపల అది గుంజ మీదికి వచ్చి పడుతుంది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా నాకు కోపంగానే ఉంది. పాటదారు దుర్మార్గుడేమీ కాదు. ఆసుపత్రికి బండి కట్టించింది ఆయనే. ముడేస్తే ఈ ఏడాదికి సరిపోద్దిలే అనుకున్నాడు, అంతే. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను చూసిన కాళ్లూ చేతులూ పోయిన కేసుల్లో పగతో చేసినవి తక్కువ. ఈ ఏడాదికి సరిపోద్దిలే అనుకున్నవే ఎక్కువ.

తోమడం కుదరలేదు

పాటదారు బెజవాడ నుంచి పేరున్న లాయరుని పెట్టుకున్నాడు. వాళ్ల జవాబు వచ్చింది. ఆకస్మికంగా వచ్చిన వరద దైవచర్య, దానికి మనుషులెవరూ బాధ్యులు కారు అని ఒకటి. మరియమ్మ తనంతట తనే చెయ్యి పెట్టిందని రెండోది. మూడోదే మా కొంప ముంచేది. 'ఇది దేవుని చిత్తమని వాది స్వయంగా పలువురి ఎదుట ఒప్పుకున్నది' అని రాశారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మనిషి ఊహించలేని, ఆపలేని ప్రకృతి ఉపద్రవం వల్ల నష్టం జరిగితే దాన్ని చట్టం దైవచర్య అంటుంది. అది రుజువైతే ఎవరూ పరిహారం ఇవ్వక్కర్లేదు.

మరియమ్మని పిలిపించి అడిగితే, "అన్నానండి" అంది. "ఆసుపత్రిలో అన్నాను, ప్రార్థన గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడూ అన్నాను, పాటదారు గారు చూడ్డానికొస్తే ఆయనతోనూ అన్నాను."

మా సీనియర్ గారు కుర్చీలో ముందుకి జరిగారు. "ఇదిగో అమ్మాయ్, ఆ మాట కోర్టులో మాత్రం అనకు."

"అడిగితే అనకుండా ఎట్టాగండి?"

"తెలీదు అను."

మరియమ్మ నిజంగానే ఆలోచించింది. "దేవుడి మీద ప్రమాణం చేయించి అడుగుతారంట గదండి. దేవుడి చిత్తం సంగతి నాకు తెలీదని దేవుడి మీదే ప్రమాణం చెయ్యమంటారా?"

మస్తాన్ గబుక్కున బీరువా వైపు తిరిగి పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగుతున్నాయి. అయినా సీనియర్ గారు వదల్లేదు. వారం రోజులు ప్రయత్నించారు. ఆమెకి గట్టిగా కోపమొచ్చిందీ లేదు, మాట మార్చుకున్నదీ లేదు. చివరికి ఫైలు నా ఒళ్లో పడేసి, "పడవ మునగలేదు గానీ దావా మునిగింది. నువ్వే ఈదుకో" అన్నారు.

నేను మరియమ్మతో ఒకటే చెప్పాను. "నువ్వు రోజూ ఏ మాటంటావో ఆ మాటే అను. నేను లేచి ఏదన్నా అడిగితే, నీ మనసులో ఉన్నదే చెప్పు." జవాబు తెలియని ప్రశ్న సాక్షిని అడగొద్దని అందరూ చెబుతారు. మంచి సలహానే. కాకపోతే ఆ జవాబు నాకు తెలియకపోయినా, ఆ మనిషి నాకు తెలుసు. ఏటి దగ్గర ముడి చూపించిన ఆడవాళ్లందరూ ఆమె పేరు చెప్పేటప్పుడు ఎలా చెప్పారో విన్నాను. నాకు ఏమాత్రం భయం వెయ్యలేదు.

బోనులో

విచారణ రోజు పెనుగొలను నుంచి నాట్ల ముఠా మొత్తం వచ్చి కోర్టు వరండాలో కూర్చుంది. మా కోర్టు జడ్జీ మున్సిఫ్ గారు కొత్తగా బదిలీ మీద వచ్చిన మితభాషి. సాక్షి తెలుగులో చెప్పింది విని, ఇంగ్లీషులోకి మార్చి టైపిస్టుకి చెప్పేవారు. ఆ రోజుల్లో అదే పద్ధతి. మనిషి చెప్పిన మాటకీ కాగితం మీదకెక్కే మాటకీ మధ్య ఎంత జారిపోతుందో కోర్టుల్లో ఉన్నవాళ్లకి తెలుసు.

బెజవాడ లాయరు లేచి, "మరియమ్మ గారూ" అని మొదలుపెట్టారు. మా కోర్టులో కూలి మనిషిని 'గారూ' అన్న లాయరుని నేను చూడడం అదే మొదలు. అప్పుడే అనుమానమొచ్చింది.

"మీరు రోజూ ప్రార్థన చేస్తారా?"

"చేస్తానండి."

"వాన కురిపించేదెవరు?"

"దేవుడండి."

"ఏరు పొంగేది ఎవరి ఆజ్ఞతో?"

"ఆయన ఆజ్ఞతోనేనండి."

"మరి ఆ రోజు జరిగింది?"

మరియమ్మ కొంగులో చేతిని ఒకసారి చూసుకుంది. "దేవుని చిత్తమేనండి."

ఆయన కోటు సర్దుకుని కూర్చున్నారు. పాటదారు ముఖం విప్పారింది. వెనక బెంచీలో మా సీనియర్ గారు కళ్లు మూసుకున్నారు. మున్సిఫ్ గారు టైపిస్టు వైపు తిరగబోతుంటే నేను లేచాను.

"అయ్యా, ఆ మాటకి ఇంగ్లీషు వెతికేముందు, చెప్పినామెని తెలుగులోనే ఒక్క ప్రశ్న అడగనివ్వండి."

బెజవాడ లాయరు అభ్యంతరం చెప్పారు. మున్సిఫ్ గారు ఒక క్షణం ఆలోచించి అడగమన్నారు.

"మరియమ్మా, అంతా దేవుని చిత్తమన్నావు గదా. మరి ఈ పెద్దమనిషి మీద దావా ఎందుకేశావు?"

ఆమెకి ఆ ప్రశ్న వింతగా అనిపించినట్టుంది. ఇంత చిన్న సంగతి ప్లీడరుకి తెలియదా అన్నట్టు నా వైపు చూసింది.

"ఏరు దేవుడిదండి. పొంగించుకుంటాడు, ఎండబెట్టుకుంటాడు, ఆయనిష్టం. నన్ను బతికించాడు, అదీ ఆయనిష్టమే. మోకుకి ముడి మాత్రం ఈయనేశాడండి. దేవుడితో ఉన్న లెక్క నేను మోకాళ్ల మీద చూసుకుంటాను. ఈయనతో ఉన్న లెక్క మీరు చూడండి."

మున్సిఫ్ గారు టైపిస్టుని ఆగమని, కాగితం తన ముందుకి లాక్కుని, ఇంగ్లీషు వాక్యాల మధ్యలో ఆమె మాటలు ఉన్నవి ఉన్నట్టు తెలుగులో తన చేత్తోనే రాశారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. నల్లకోటు వేసుకున్నవాడు ఏడవకూడదని ఏ చట్టంలోనూ లేదు.

సుబ్బయ్య కేక

అక్కడితో గెలిచామనుకుంటే పొరపాటు. తనంతట తనే చెయ్యి పెట్టిందనే వాదన ఇంకా మిగిలే ఉంది. దానికి వాళ్ల సాక్షి పడవ నడిపే సుబ్బయ్య. పాటదారు జీతం తింటున్నవాడు. చీఫ్‌లో, అంటే వాళ్ల లాయరే అడిగినప్పుడు, చక్కగా అప్పజెప్పాడు, అతన్ని కూడా ఎవరో బాగానే తోమారు. మోకు బాగానే ఉండేదన్నాడు, ఆమెని చెయ్యి పెట్టమని ఎవరూ అనలేదన్నాడు.

కుర్ర లాయర్లకి ఇలాంటప్పుడు సాక్షి మీద అరవాలనిపిస్తుంది. అరిస్తే అతను గుల్లలోకి ముడుచుకుంటాడు. నేను అతని పనిని మెచ్చుకున్నాను. ఉత్తుత్తి మెప్పు కాదు. వరదలో జనంతో నిండిన పడవని దాటించడం మాటలు కాదని నేను ఆ మోకు లాగి చూశాను కాబట్టి నాకు తెలుసు.

"సుబ్బయ్యా, వరదలో పడవ నిలబెట్టడం అంత తేలికా?"

"తేలికేంటండి! ప్రాణం గెడ మీద పెట్టుకోవాల."

"మరి ముడి దగ్గరికొచ్చినప్పుడు నువ్వు వెనకుంటావు, ముడి ముందుంటుంది. ఎట్టా దాటిస్తావు?"

సుబ్బయ్య ఛాతీ వెడల్పయింది. "నేను వెనక నుంచే కనిపెడతానండి. ముడి గుంజ దగ్గరికి రాంగానే 'చెయ్యీ' అని కేకేస్తాను. ముందున్నోళ్లు టక్కున ఎత్తేస్తారు."

కోర్టు హాల్లో అతను ఆ కేక నిజంగానే వేశాడు. బయట వరండాలో ముఠాలోని ఆడవాళ్లు అలవాటు కొద్దీ ఒక్కసారిగా తలలెత్తారు. మున్సిఫ్ గారు అది చూశారు.

"ఆ రోజు కేకేశావా?"

"వెయ్యకపోతే పడవ అడ్డం తిరగదూ?"

ఈసారి కళ్లు మూసుకున్నది బెజవాడ లాయరు. సుబ్బయ్యకి మాత్రం తనేం చెప్పాడో అప్పటికీ తెలియలేదు. తెలిశాక అతను పని పోతుందని భయపడ్డాడు గానీ, అంత వరదని గెడతో నిలబెట్టేవాడు మళ్లీ దొరకడని పాటదారుకీ తెలుసు, అతన్ని తీసెయ్యలేదు.

తీర్పులో మున్సిఫ్ గారు సూటిగా రాశారు. ఏటా వచ్చే వరద ఎవరూ ఊహించనిది కాదు. ముడి మనిషి వేసింది. ఆ ముడి దగ్గర చెయ్యి పెట్టమని పిలిచింది పాటదారు మనిషి. కాబట్టి దేవుడికి ఇందులో సంబంధం లేదు, పరిహారం ఇవ్వాల్సింది పాటదారు. అప్పీలుకి వెళతామని వాళ్లు కొన్నాళ్లు ఊగారు. తర్వాత డబ్బు కట్టేశారు. మా ఫీజు కూడా మరియమ్మ అందులోంచే లెక్కపెట్టి ఇచ్చింది. మా సీనియర్ గారు తీర్పు నకలు రెండుసార్లు చదివి, పక్కన పెట్టి, "ఈ కేసులో నేను తోమినందుకు కాదు, తోమలేకపోయినందుకు గెలిచాం" అన్నారు. అంత మాట ఆయన నోటి నుంచి రావడం నేను చెవులారా విన్నాను గానీ, మీరు నమ్మకపోయినా తప్పు పట్టను.

బస్సాగే చోట

తర్వాత కొన్నేళ్లకి నాకు సొంత ఆఫీసు ఏర్పడింది, ఒక జూనియరూ చేరాడు. ఒక స్థలం తగాదా కోసం ఆ జూనియరుని వెంటబెట్టుకుని పెనుగొలను వెళ్లాను. బస్సు దిగగానే ఎదురుగా బడ్డీ కొట్టు. సీసాల్లో బిస్కట్లు, గెలకి వేలాడే అరటిపళ్లు, లోపల మరియమ్మ. ఎడంచేత్తో నిమ్మకాయ పిండి సోడా కలుపుతోంది. కుడిచేతికి మిగిలిన రెండు వేళ్ల మధ్య సీసాని ఎంతో ఒడుపుగా పట్టుకుంది. పెద్దకూతురికి టీచరు ట్రైనింగులో సీటొచ్చిందని చెప్పింది. చిన్నది పక్కనే కూర్చుని చదువుకుంటోంది. గొడ్లసావిడి మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మా జూనియరు పట్నం పిల్లాడు, కేసు సంగతి కొంత విన్నాడు. ఆమె నోట నన్ను పొగిడించాలని కాబోలు, "బడ్డీ బాగుందమ్మా, ఎట్టా పెట్టగలిగావు?" అన్నాడు.

"దేవుని చిత్తమండి" అంది మరియమ్మ, సోడా అందిస్తూ.

నాకు నవ్వాగలేదు. "అదేంటి మరియమ్మా, ఎండలో పడి రేవుకెళ్లి మోకు లాగింది నేను. కోర్టులో కాళ్లు నొప్పి పుట్టేలా నిలబడింది నేను. అంతా ఆయన ఖాతాలో వేసేస్తే మరి నేనేమైపోవాలి?"

ఆమె గ్లాసు తుడుస్తూ నా వంక చూసింది. ఆనాడు బోనులో చూసిన చూపే.

"మిమ్మల్ని పంపింది దేవుడండి" అంది. "ఫీజు పుచ్చుకుంది మీరు."